నాలుగు పాఠాలు... ఒకే నేల

భూగోళశాస్త్రంలో ఖండ పర్వతాల పాఠం ఉంటుంది. భూమి పొరల్లో పగుళ్లు వచ్చి మధ్య ముక్క కుంగిపోతే, అటూఇటూ ఎత్తుగా మిగిలిపోయేవి ఖండ పర్వతాలు అని చెప్పి, ఉదాహరణగా రైన్ లోయనూ వోజ్ పర్వతాలనూ చూపిస్తారు. తొమ్మిదో తరగతి చరిత్రలో ఫ్రెంచి విప్లవం వస్తుంది. మార్సెయ్ నుంచి ప్యారిస్‌కు నడిచివచ్చిన వాలంటీర్లు పాడిన పాట తర్వాత జాతీయగీతమైందని చదువుతారు. పదో తరగతిలో ఐరోపాలో జాతీయవాదం, బిస్మార్క్, 1871. పన్నెండో తరగతి సీబీఎస్‌ఈ ఇంగ్లిషులో అల్ఫోన్స్ డోడే రాసిన ‘ది లాస్ట్ లెసన్’ కథ. నాలుగు పుస్తకాలు, నలుగురు మాస్టార్లు, నాలుగు పరీక్షలు. ఈ నాలుగు పాఠాల వేళ్లూ ఒకే నేలలో ఉన్నాయని మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఆ నేల పేరు అల్సాస్. ఫ్రాన్స్ తూర్పు అంచున ఉంటుంది. దాని పెద్ద పట్నం స్ట్రాస్‌బర్గ్. జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. ప్యారిస్ నుంచి హైస్పీడ్ రైలెక్కితే రెండు గంటల్లోపు చేరిపోవచ్చు. ఊరి తూర్పు కొసన వంతెన దాటితే జర్మనీ. యూరప్ చరిత్రను బడిపిల్లలకు మొదటిసారి చెప్పాల్సి వస్తే రాజుల వరసా యుద్ధాల తేదీలూ పక్కనపెట్టి ఈ ఒక్క ఊరితో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఇక్కడ ఏ సంఘటనకైనా కారణం వెతుక్కుంటూ పోతే చివరికి ఏదో ఒక కొండ దగ్గరో నది దగ్గరో తేలతాం.

గోపురం మీది నుంచి భూగోళం

ఊరి నడిబొడ్డున నోత్రదాం కెథడ్రల్ ఉంది. దాని ఉత్తరపు శిఖరం 1439లో పూర్తయింది. ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తయిన కట్టడం లేదు. దక్షిణం వైపు శిఖరం కట్టనేలేదు, ఒక్కదానితోనే సరిపెట్టారు. మూడొందల పైచిలుకు మెట్లెక్కితే 66 మీటర్ల ఎత్తున విశాలమైన చప్టా వస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున అక్కడ నిలబడి పడమటికి చూస్తే నీలంగా ఒక కొండల వరస, అవి వోజ్ పర్వతాలు. వెనక్కి తిరిగి తూర్పుకి చూస్తే దాదాపు అదే ఎత్తున, అదే రంగులో ఇంకో వరస, అది జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్. మధ్యలో పళ్లెంలా చదునైన మైదానం.

ఈ రెండు కొండల వరసలూ ఒకప్పుడు ఒకే పర్వతం. దాదాపు నాలుగు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ భూమి పైపొర అటూఇటూ లాగినట్టయి పగిలింది. మధ్య భాగం మెల్లగా కుంగింది. అలా స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ దిక్కుగా 300 కిలోమీటర్ల పొడవున, 30-40 కిలోమీటర్ల వెడల్పున లోయ ఏర్పడింది. రైన్ నది ఈ పల్లపు దారిని వెతుక్కుని పారింది. పాఠంలో రెండు వాక్యాల్లో ముగిసే సంగతి ఇదే.

దీనికి రుజువు కావాలంటే నిలబడ్డ గోపురాన్నే చేత్తో తాకి చూడొచ్చు. కెథడ్రల్ మొత్తం వోజ్ కొండల నుంచి తెచ్చిన ఇసుకరాయితో కట్టారు. రాతిలోని ఇనుము వల్ల దానికి గులాబీ రంగు వచ్చింది. నది అవతల, బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉన్న ఫ్రైబుర్గ్ పట్నంలోని పెద్ద చర్చి కూడా ఇలాంటి ఎర్ర ఇసుకరాయిదే. రెండు దేశాల చర్చిలకు రాయి ఒకే జాతిది, ఎందుకంటే అది ఒకే పర్వతం తాలూకు రెండు చెక్కలు. తెలంగాణ పిల్లలకైతే ఈ పాఠం ఇంకా దగ్గరది. సింగరేణి బొగ్గు పొరలు దాగి ఉన్న ప్రాణహిత-గోదావరి లోయ కూడా ఇలా కుంగిన నేలే, వయసులో మాత్రం రైన్ లోయకన్నా చాలా పెద్దది.

వోజ్ పర్వతాలు ఇంకో పని కూడా చేస్తాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలులు వాటి పడమటి వాలులను, శిఖరాలను తడిపేసి, తూర్పు వైపు దిగేసరికి ఖాళీ అయిపోతాయి. శిఖరాల మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల దాకా పడే వాన, కొండ కిందున్న కోల్మార్ పట్నంలో 600కు మించడం కష్టం. వర్షచ్ఛాయ ప్రాంతం అంటే ఇదే. అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంకెలు దగ్గరగానే ఉన్నాయి, పంటలు మాత్రం పోల్చుకోవడానికి వీల్లేదు. అక్కడి చల్లదనంలో నీరు అంత త్వరగా ఆవిరి కాదు, పైగా కొంత వాన ఏ నెలలోనైనా పడుతుంది. అందుకే ఆ పొడి వాలుల నిండా ద్రాక్షతోటలే. వర్షపాతం పట్టిక ఒక్కటే చూసి ఏ నేల తీరునూ అంచనా వేయకూడదని పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి జంట ఉదాహరణ నాకు కనిపించలేదు.

దారిగా నది, గోడగా నది

రైన్ ఒడ్డు ఊరని పేరేగానీ పాత స్ట్రాస్‌బర్గ్ నిజానికి రైన్ ఒడ్డున లేదు. దాని ఉపనది ఇల్ ఒడ్డున, రైన్‌కు కొన్ని కిలోమీటర్లు లోపలికి ఉంది. ఇల్ పాయల మధ్య చిక్కుకున్న లంకే పాత ఊరు. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన భాగం అదే. ఇంత పెద్ద నదిని పక్కన పెట్టుకుని చిన్న ఏటి దగ్గర ఊరెందుకు కట్టారు? ఈ మైదానంలో రైన్ ఒక్క పాయగా పారేది కాదు. పదుల పాయలు, లంకలు, చిత్తడి నేలలు. వరదొచ్చిన ప్రతిసారీ దారి మార్చుకునేది. నిన్న ఎడమ గట్టున ఉన్న పొలం ఈ ఏడు కుడి గట్టున తేలేది. మలేరియా సరేసరి. ఇప్పుడు మ్యాపులో గీత గీసినట్టు కనిపించే రైన్ మనుషులు చెక్కినది. బాడెన్ రాజ్యానికి చెందిన ఇంజనీరు యోహాన్ గాట్‌ఫ్రీడ్ టుల్లా పథకం ప్రకారం 1817లో నదిని సరిచేయడం మొదలుపెట్టి 1876 దాకా సాగించారు. వంపులు తెగ్గొట్టేసరికి నది పొడవు సుమారు 80 కిలోమీటర్లు తగ్గింది.

స్విస్ ఆల్ప్స్‌లో పుట్టి, 1,230 కిలోమీటర్లు పారి, నెదర్లాండ్స్ దగ్గర ఉత్తర సముద్రంలో కలిసే ఈ నది యూరప్‌కు పెద్ద బజారు వీధి. దాని మీద ఉత్తర దక్షిణాలుగా సరుకు నడిచేది. వోజ్ కొండల సందుల్లోంచి పడమటి దేశాల బళ్లు దిగేవి. ఆ రెండు దారులూ కలిసే చోటు స్ట్రాస్‌బర్గ్. 14వ శతాబ్దం చివర్లోనే ఇక్కడ రైన్ మీద చెక్క వంతెన కట్టారు. అంత పెద్ద నదికి అప్పట్లో వంతెన ఉండటమే అరుదు.

రోమన్లకు మాత్రం ఇదే నది గోడ. క్రీస్తుపూర్వం 12 ప్రాంతంలో వాళ్లు ఇక్కడ ఆర్గెంటొరాటమ్ అనే సైనిక శిబిరం వేశారు. నది ఇవతల సామ్రాజ్యం, అవతల జర్మానిక్ తెగలు. ఐదో శతాబ్దంలో ఆ తెగలు నది దాటి వచ్చి స్థిరపడ్డాయి. గోడ మళ్లీ దారి అయింది. అదే నీళ్లు, అదే గట్లు. వాటిని సరిహద్దు అనాలో రహదారి అనాలో తేల్చుకున్నది ఎప్పుడూ రెండు ఒడ్డుల మనుషులే.

842 ఫిబ్రవరి 14న ఇక్కడొక విచిత్రమైన ప్రమాణం జరిగింది. షార్లమేన్ చక్రవర్తి మనవళ్లు ముగ్గురు, రాజ్యం కోసం కొట్టుకుంటున్నారు. పడమటి భాగాన్ని ఏలే చార్లెస్, తూర్పు భాగాన్ని ఏలే లూయీ కలిసి పెద్దన్న లోథార్‌ మీద ఒక్కటయ్యారు. ఇద్దరి సైన్యాల భాషలు వేరు. అవతలి సైనికులకు అర్థం కావాలని చార్లెస్ జర్మన్‌కు పూర్వరూపమైన భాషలో, లూయీ ఫ్రెంచికి పూర్వరూపమైన భాషలో ప్రమాణం చేశారు. చరిత్రకారుడు నిథార్డ్ ఆ మాటలను ఉన్నవున్నట్టు రాసిపెట్టాడు. ఫ్రెంచి భాషకు సంబంధించి దొరికిన అతిపాత పాఠం ఇదే. మరుసటి ఏడు, 843లో, వెర్డన్ ఒప్పందంతో రాజ్యం మూడు ముక్కలైంది. పడమటి ముక్క కాలక్రమంలో ఫ్రాన్స్, తూర్పు ముక్క జర్మనీ. ఉత్తర సముద్రం నుంచి ఇటలీ దాకా సాగిన మధ్య ముక్క లోథార్‌ది. ఆ ముక్క ఎక్కువకాలం నిలవలేదు. అల్సాస్ సరిగ్గా అందులో ఉంది. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా దాని బతుకు అడకత్తెరలో పోకచెక్కే.

పత్రిక పుట్టిన ఊరు

నాలుగు దారులు కలిసే చోటికి సరుకుతో పాటు కబుర్లూ వస్తాయి. మైంజ్ నగరం నుంచి వచ్చిన యోహానెస్ గుటెన్‌బర్గ్ 1434 నుంచి 1444 దాకా స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నాడు. 1439లో వ్యాపార భాగస్వామి వారసులతో అతనికి కోర్టు తగాదా వచ్చింది. ఆ కాగితాల్లో ఒక రహస్య పని గురించి, ఒక ప్రెస్సు గురించి ప్రస్తావనలున్నాయి. అచ్చు యంత్రానికి పూర్తి రూపం వచ్చింది తర్వాత మైంజ్‌లోనే అయినా ఆలోచన మొలకెత్తింది ఇక్కడే అని స్ట్రాస్‌బర్గ్ వాళ్లు చెప్పుకుంటారు. నడివూళ్లో ఆయన విగ్రహం కూడా పెట్టుకున్నారు.

పత్రిక చదివే అలవాటున్న వారెవరైనా ఇంకో పేరు గుర్తుపెట్టుకోవాలి: యోహాన్ కారోలస్. ఇతను పోస్టు మార్గాల్లో వచ్చే వార్తలను పోగుచేసి, చేత్తో నకళ్లు రాయించి, డబ్బున్న చందాదార్లకు అమ్మేవాడు. చేతిరాతకు పట్టే కాలం భరించలేక ఒక ప్రెస్సు కొన్నాడు. 1605లో ఆ వార్తలనే ‘రిలేషన్’ పేరుతో వారంవారం అచ్చువేయడం మొదలుపెట్టాడు. వేరేవాళ్లు కాపీ కొట్టకుండా రక్షణ ఇవ్వమని నగరసభకు పెట్టుకున్న అర్జీ వల్లే ఈ సంవత్సరం మనకు తెలిసింది. ప్రపంచంలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక ఇదేనని ప్రపంచ వార్తాపత్రికల సంఘం గుర్తించింది.

చుంగం గీత, రంగుల బట్ట

ఆ రోజుల్లో స్ట్రాస్‌బర్గ్ ఏ రాజుకూ లొంగని స్వేచ్ఛా నగరం. పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఉంటూనే చేతివృత్తుల సంఘాల ద్వారా తన పాలన తాను చూసుకునేది. లూథర్ మతసంస్కరణను తొలినాళ్లలోనే అందుకుంది. 1681 సెప్టెంబరు 30న ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం ఊరిని చుట్టుముట్టింది. యుద్ధం లేకుండానే నగరం తలుపులు తెరిచింది. పద్నాలుగో లూయీ కెథడ్రల్‌ను కాథలిక్కులకు ఇప్పించాడు కానీ, తక్కిన ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లను తరిమేసిన 1685లోనూ ఇక్కడివాళ్ల జోలికి పూర్తిగా పోలేదు.

మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఒక ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. అల్సాస్ ఫ్రెంచి రాజు చేతికి వచ్చినా చుంగం వసూలు చేసే గీత మాత్రం విప్లవం దాకా వోజ్ కొండల మీదే ఉండిపోయింది. అంటే రాజు పడమట, సంత తూర్పున. అల్సాస్ వర్తకుడు ప్యారిస్‌కు సరుకు పంపితే సుంకం కట్టాలి, రైన్ అవతలికి పంపితే అక్కర్లేదు. రాజకీయ సరిహద్దు, ఆర్థిక సరిహద్దు, భాషా సరిహద్దు మూడూ ఒకే గీత మీద ఉండాలనే నియమం లేదు. ఆ మూడూ ఒకటై తీరాలని పట్టుబట్టింది ఆ తర్వాతి కాలం.

ఈ గీతల కథలోకి మన కోరమాండల్ తీరం కూడా వస్తుంది. మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లే రంగుల అద్దకపు నూలుబట్టలకు 17వ శతాబ్దపు యూరప్‌లో విపరీతమైన మోజు. తమ పట్టు, ఉన్ని నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్స్ 1686లో ఆ బట్టల దిగుమతినీ అనుకరణనూ నిషేధించింది. 1759 దాకా నిషేధం సాగింది. అల్సాస్ దక్షిణ కొసన ఉన్న ములూజ్ అప్పటికి ఫ్రాన్స్‌లో భాగం కాదు, స్విస్ నగరాలతో పొత్తున్న స్వతంత్ర పట్నం. నిషేధం తమకు వర్తించదు కాబట్టి అక్కడివాళ్లు 1746లో నూలుబట్టల మీద అద్దకం పరిశ్రమ పెట్టుకున్నారు. ఆ బట్టలకు పేరే ‘ఇండియెన్’. ములూజ్ 1798లో ఫ్రాన్స్‌లో కలిసింది. అప్పటికే అది పెద్ద పారిశ్రామిక పట్నం. ఆ అద్దకాల మ్యూజియం ఇవాళ్టికీ ములూజ్‌లో ఉంది. కలంకారీ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కొసను కూడా కలిపి చెబితే బాగుంటుంది.

ఇక పాట సంగతి. 1792 ఏప్రిల్ 20న ఫ్రాన్స్ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. కబురు స్ట్రాస్‌బర్గ్ చేరింది. శత్రువు నది అవతలే ఉన్నాడు. మేయర్ డీట్రిష్, సైనికులు పాడుకోవడానికి ఒక పాట రాయమని రూజే ద లీల్ అనే ఇంజనీరింగ్ దళపు కెప్టెన్‌ను అడిగాడు. ఏప్రిల్ 25 రాత్రి అతను కూర్చుని రాసేశాడు. పేరు ‘రైన్ సైన్యపు యుద్ధగీతం’. దాన్ని మేయరే తన ఇంట్లో మొదట పాడాడు. మూడు నెలల తర్వాత మార్సెయ్ వాలంటీర్లు పాడుకుంటూ ప్యారిస్ చేరేసరికి పాటకు వాళ్ల ఊరి పేరు అంటుకుంది. పాట అడిగి రాయించుకున్న డీట్రిష్‌ను అదే విప్లవం 1793 డిసెంబరులో గిలటిన్ ఎక్కించింది.

ఆ ఉద్రేకం గోపురాన్నీ వదల్లేదు. సమానత్వం రాజ్యమేలుతున్నప్పుడు ఒక్క శిఖరం తక్కిన కప్పులన్నిటి మీదా తలెత్తుకుని ఉండటమేమిటి, కూల్చేద్దామన్నాడు తెతెరెల్ అనే విప్లవ నాయకుడు. శిఖరాన్ని కాపాడుకోవాలనుకున్న ఊరివాళ్లు ఒక ఉపాయం చేశారు. రేకుతో పెద్ద విప్లవ టోపీ చేయించి, ఎర్రరంగు వేసి, శిఖరానికి తొడిగారు. స్వేచ్ఛకు గుర్తయిన టోపీ అంత ఎత్తున ఉంటే ఇక కూల్చేదెవరు? శిఖరం బతికిపోయింది.

ఒక్క జీవితం, ఐదు జెండాలు

ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలయ్యాక 1870 ఆగస్టులో ప్రష్యా సైన్యం స్ట్రాస్‌బర్గ్‌ను ముట్టడించింది. ఆగస్టు 24 రాత్రి గుండ్లు పడి నగర గ్రంథాలయం తగలబడింది. లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. 12వ శతాబ్దంలో హెర్రాడ్ అనే మఠాధిపతి తన శిష్యురాళ్ల చదువు కోసం బొమ్మలతో తయారుచేసిన ‘హోర్టుస్ డెలిసియారుమ్’ అందులో పోయింది. గుటెన్‌బర్గ్ కోర్టు కాగితాల్లో మిగిలినవీ, ఆ రేకు టోపీ కూడా పోయాయి. సెప్టెంబరు చివర్లో నగరం లొంగింది. 1871 మే నెలలో ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంతో అల్సాస్, పక్కనున్న లొరైన్‌లో కొంత భాగం జర్మన్ సామ్రాజ్యంలో కలిశాయి. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనేవాళ్లు 1872 అక్టోబరు 1 లోపు ఊరు వదిలి వెళ్లాలన్నారు.

డోడే కథ జరిగేది ఈ కాలంలోనే, అల్సాస్‌లోని ఒక పల్లె బడిలో. బడిలో ఇక ఫ్రెంచి చెప్పకూడదని బెర్లిన్ నుంచి ఆజ్ఞ వస్తుంది. ఫ్రాంజ్ అనే పిల్లవాడు, హామెల్ మాస్టారు, చివరి పాఠం. ఎవరినైనా కదిలించే కథ. కానీ కథ చెప్పని సంగతి ఒకటుంది. అల్సాస్ పల్లెల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది అల్సేషియన్, అది జర్మన్ కుటుంబపు మాండలికం. ఫ్రాంజ్ ఇంట్లో అమ్మ పిలిచే భాష, అతను బడిలో పోగొట్టుకుంటున్న భాష ఒకటే అయ్యుండే అవకాశం తక్కువ. అయినా ఆ జనంలో చాలామంది తమను ఫ్రెంచివాళ్లుగానే ఎంచుకున్నారు. 1874లో జర్మన్ పార్లమెంటుకు ఎన్నికైన అల్సాస్-లొరైన్ సభ్యులు, తమ ప్రజలను అడగకుండా తమను కలిపేశారంటూ అక్కడే నిరసన తీర్మానం పెట్టారు. భాష ఒకటైతే జాతి ఒకటే అన్నది జర్మన్ జాతీయవాదుల వాదన. విప్లవం ఇచ్చిన హక్కుల రుచి చూశాం, మా ఇష్టమే మా జాతి అన్నది వీళ్ల జవాబు. పదో తరగతి జాతీయవాదం పాఠానికి గుండెకాయ లాంటి చర్చ ఇది. దాన్ని ఇంగ్లిషు పుస్తకంలో ఒక కన్నీటి కథగా, చరిత్ర పుస్తకంలో ఒక తేదీగా విడదీసేశాం.

జర్మనీ ఈ నగరాన్ని చిన్నచూపు చూసిందని అనలేం. కొత్త విశ్వవిద్యాలయం, కాలిపోయిన గ్రంథాలయానికి బదులుగా భారీ గ్రంథాలయం, వెడల్పాటి వీధులతో ‘నొయిష్టాట్’ అనే కొత్త పట్నం కట్టింది. 2017లో యునెస్కో దాన్ని కూడా జాబితాలో చేర్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడాక 1918లో ఫ్రాన్స్ తిరిగొచ్చింది. ఈసారి జనాన్ని తాతముత్తాతల పుట్టుకను బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాల గుర్తింపు కార్డులతో విడగొట్టారు. జర్మనీ నుంచి వచ్చినవాళ్లకు, వాళ్ల పిల్లలకు డీ. వేలమందిని వంతెన దాటించారు.

వాళ్లతో పాటే వెళ్లాల్సి వచ్చిన ఒక మనిషి గురించి చెప్పాలి. కెథడ్రల్ నిర్మాణ పనులు చూసే ఆర్కిటెక్ట్ యోహాన్ క్నౌత్. 20వ శతాబ్దం మొదట్లో గోపురం మోసే పెద్ద స్తంభంలో పగుళ్లు కనిపించాయి. కారణం వెతికితే అది భూమి కింద తేలింది. మధ్యయుగంలో చిత్తడి నేలలో చెక్క దుంగలు దిగ్గొట్టి వాటి మీద పునాది వేశారు. దుంగ నీళ్లలో మునిగున్నంత కాలం చెక్కుచెదరదు. భూగర్భ జలమట్టం దిగిపోయేసరికి దుంగల తలలకు గాలి తగిలి కుళ్లిపోయాయి. వేల టన్నుల గోపురాన్ని పైన అలాగే నిలబెట్టి, కింద పునాది మార్చి కాంక్రీటు పోసే పద్ధతి క్నౌత్ ఆలోచించాడు. పని నడుస్తుండగానే యుద్ధం వచ్చింది, జెండా మారింది. ఫ్రెంచి పౌరసత్వం తీసుకోని క్నౌత్‌ను దేశం వదలమన్నారు. 1924లో నది అవతల, జర్మనీలో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పని 1926లో పూర్తయింది. ఆ గోపురం ఈ రోజు నిలబడి ఉందంటే అది ఆయన చలవే.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే స్ట్రాస్‌బర్గ్ మొత్తాన్ని ఖాళీ చేయించారు. జనాన్ని ఫ్రాన్స్ నైరుతి మూలకు పంపారు, విశ్వవిద్యాలయం క్లెర్మోఁ-ఫెరాఁకు తరలిపోయింది. 1940 జూన్‌లో నాజీలు వచ్చారు. ఫ్రెంచి మాట్లాడటం నేరం, వీధుల పేర్లు మార్పు, మనుషుల పేర్లూ మార్పు. పెద్ద యూదు ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. వోజ్ కొండల్లో గులాబీ రంగు గ్రానైట్ దొరికే చోటు చూసి 1941లో నాట్జ్‌వైలర్-స్ట్రుథోఫ్ నిర్బంధ శిబిరం తెరిచారు, ఖైదీలతో ఆ రాయి కొట్టించడానికి. 1942 ఆగస్టు నుంచి ఇక్కడి యువకులను బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చుకున్నారు. అల్సాస్ నుంచి, లొరైన్‌లోని మోజెల్ ప్రాంతం నుంచి అలా పోయినవాళ్లు సుమారు 1,30,000 మంది. ఎక్కువమందిని రష్యా వైపు పంపారు. పారిపోతే ఇంట్లోవాళ్లను పట్టుకుపోయేవారు. 1944 నవంబరు 23న జనరల్ లెక్లెర్క్ దళాలు నగరాన్ని విడిపించాయి.

1868లో ఇక్కడ పుట్టిన ఒక మనిషి 77 ఏళ్లు బతికాడనుకుందాం. సొంతూరు మారకుండానే అతను ఫ్రెంచి, జర్మన్, ఫ్రెంచి, జర్మన్, మళ్లీ ఫ్రెంచి అయ్యాడు.

రిపబ్లిక్ కూడలిలో 1936లో నిలబెట్టిన యుద్ధ స్మారకం ఉంది, శిల్పి ద్రివియే. ఫ్రాన్స్‌లో ప్రతి ఊళ్లోనూ ఇలాంటివి ఉంటాయి. తుపాకీ పట్టిన సైనికుడు, దేశం కోసం అమరులైనవారికి అనే మాట. ఇక్కడ అవేమీ లేవు. కూర్చున్న తల్లి, ఒడిలోకి ఒరిగిపోయిన ఇద్దరు కొడుకులు. ఇద్దరి ఒంటి మీదా యూనిఫాం లేదు. ఒకడు ఫ్రాన్స్ తరఫున, ఒకడు జర్మనీ తరఫున పోయాడని ఊరందరికీ తెలుసు. పోయేముందు ఇద్దరి చేతులూ కలిసి ఉంటాయి. కింద చెక్కిన మాట ఒక్కటే, మన మృతులకు అని. ఏ దేశం కోసమో రాయలేదు.

వంతెన మీద ట్రామ్

యుద్ధం అయ్యాక యూరప్ దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడ పెట్టాలనే ప్రశ్న వచ్చినప్పుడు బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ స్ట్రాస్‌బర్గ్ పేరు చెప్పాడు. 1949లో పది దేశాలతో ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఇక్కడ కొలువుదీరింది. ఇప్పుడు సభ్యదేశాలు 46. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాని కిందిదే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వేరు, యూరోపియన్ యూనియన్ వేరు. పోటీ పరీక్షల పిల్లలు తరచూ తికమకపడేది ఇక్కడే. యూనియన్‌కు చెందిన యూరోపియన్ పార్లమెంటు అధికార స్థానం కూడా ఇదే ఊరు కావడం ఆ తికమకకు ఇంకో కారణం. నీలం మీద పన్నెండు పసుపు నక్షత్రాల జెండాను 1955లో మొదట ఎంచుకున్నది కౌన్సిల్ ఆఫ్ యూరప్, తర్వాత 1985లో యూనియన్‌కు పూర్వరూపమైన సంస్థ తీసుకుంది. వీటన్నిటికన్నా పాతదైన రైన్ నౌకాయాన కమిషన్, 1815 వియన్నా సమావేశంలో పుట్టినది, 1920 నుంచి ఈ ఊళ్లోనే పనిచేస్తోంది.

పాత జెండాల గుర్తులు రోజువారీ జీవితంలో ఇంకా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో రైళ్లు ఎడమ పట్టాల మీద నడుస్తాయి, అల్సాస్‌లో మాత్రం జర్మన్ల పద్ధతిలో కుడి పట్టాల మీద. 1871 నాటి సరిహద్దు దగ్గర ఒక పట్టా ఇంకో పట్టా మీదుగా ఎక్కి పక్క మారుతుంది. చర్చిని, ప్రభుత్వాన్ని వేరుచేసిన 1905 ఫ్రెంచి చట్టం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఏడాది ఇది జర్మనీ. మతగురువులకు జీతం ఇప్పటికీ ప్రభుత్వమే ఇస్తుంది. గుడ్ ఫ్రైడేకి, డిసెంబరు 26కి అదనంగా సెలవులు కూడా.

2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ రైన్ దాటి జర్మనీలోని కేల్ పట్నం దాకా వెళుతోంది. ఇటువాళ్లు అటు సరుకులు కొనుక్కోవడానికి, అటువాళ్లు ఇటు పనికి. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఆ ట్రామ్ ఆగింది, పాదచారుల వంతెనకు అడ్డుకట్టలు పడ్డాయి. రెండు గట్ల మీద విడిపోయిన కుటుంబాలు ఎన్నో. నది కొన్నాళ్లు మళ్లీ గోడ అయింది. గోడ కావడానికి పెద్దగా సమయం పట్టదని అక్కడివాళ్లకు బాగా తెలిసివచ్చింది.

సోషల్ మాస్టార్లకు, టీచరమ్మలకు నా విన్నపం ఒకటే. పుస్తకాల షాపులో చవగ్గా దొరికే యూరప్ ఔట్‌లైన్ మ్యాపు పిల్లల చేత కొనిపించండి. ముందు నీలం పెన్సిల్‌తో రైన్‌ను బాసెల్ నుంచి రోటర్‌డామ్ దాకా గీయించండి. దాని పడమట వోజ్ కొండలు గుర్తించమనండి. ఆ తర్వాత ఫ్రాన్స్-జర్మనీ సరిహద్దును 1815కి ఒక రంగులో, 1871కి ఒక రంగులో, 1919కి, 1942కి వేరే రంగుల్లో దిద్దించండి. అల్సాస్ దగ్గర గీత నది మీద నుంచి కొండల మీదికి, కొండల మీద నుంచి నది మీదికి ఎందుకు తిరిగిందో వాళ్లనే చెప్పమనండి. భూగోళం మాస్టారు, చరిత్ర మాస్టారు ఇద్దరూ ఆ ఒక్క పీరియడ్ ఒకే తరగతిలో ఉండండి.